గాజు రాకముందు గాజులు

అంతర్వేది తీర్థానికి వచ్చిన ఆడవాళ్ళు రెండు చోట్ల తప్పకుండా ఆగుతారు. ఒకటి గాజుల కొట్టు. రెండోది గవ్వలూ శంఖాలూ పరిచిన పట్టా. పక్కపక్కనే ఉన్నా ఈ రెండింటికీ చుట్టరికం ఉందని ఎవరికీ తోచదు. నిజానికి ఆ శంఖమే గాజుకు అమ్మమ్మ.

మన మాటే ఆ సంగతి మరిపించింది. అద్దాన్నీ గాజే అంటాం, చేతికి వేసుకునేదాన్నీ గాజే అంటాం. మేలిమి పసిడితో చేయించినా అవి ‘బంగారు గాజులే’. గాజు వచ్చి తన పేరు అన్నిటికీ పెట్టేసింది. అంతకు ఎంతో ముందే, హరప్పా కాలంలో, గుజరాత్ తీరాన నాగేశ్వర్‌లో శంఖాలు కోసి గాజులు చేశారు. మన నాగార్జునకొండ తవ్వకాల్లోనూ శంఖపు గాజులు బయటపడ్డాయి. అమరావతి శిల్పాల్లో స్త్రీల చేతులు ఓసారి చూడండి, ముంజేతి నిండా వరసలే.

శంఖం తేలిగ్గా లొంగదు. లోపలి మెలిక కాడను పగలగొట్టి తీసి, రంపంతో అడ్డంగా కోయాలి. అప్పుడు చక్రాల్లా ఊడి వస్తాయి. ఒక శంఖానికి దక్కేవి వేళ్ళమీద లెక్కపెట్టే అన్నే. లోపలి అంచు అరగదీసి, పైన లతలు చెక్కుతారు. బెంగాలీ ముత్తైదువులు ఇప్పటికీ అవే తొడుక్కుంటారు. ఢాకాలో శాంఖారీ బజారుకు ఆ పేరు ఈ పనివాళ్ళ వల్లే వచ్చింది. మన దగ్గర శంఖం చేతిని వదిలి దేవుడి గదికి చేరింది, ‘శంఖంలో పోస్తేనే తీర్థం’ అనిపించుకుంది. మన తీరపు గుల్లలు బట్టీలో కాలి, పాత పెంకుటిళ్ళ గోడలకు సున్నమయ్యాయి.

కర్ర గాజు కోసం వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక వెళ్ళాలి. తిరిగే అంకుడు కర్రకు లక్క కణిక ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి రంగు పట్టుకుంటుంది. ఆ పైన మొగలి ఆకుతో ఒత్తుతారు. అంతే, నీళ్ళు చల్లినట్టు మెరుపు! మన కాలవగట్ల మీద ముళ్ళని తిట్టుకునే మొగలికి అక్కడ అంత గౌరవం. పసుపు, జాఫరా, నీలి లాంటి చెట్ల రంగులను తిరిగి నిలబెట్టిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఏటికొప్పాక లక్క బొమ్మలకు 2017లోనే భౌగోళిక గుర్తింపు దక్కింది. పూసలూ జుంకాలూ గాజులూ కూడా ఆ బొమ్మలు చేసే చేతుల్లోంచే వస్తున్నాయి.

ఆ లక్కే కంసాలి కుంపటి దగ్గరా ఉంటుంది. గుల్లగా చేసిన మురుగు (చేతి కడియం) లోపల లక్క పోస్తారు. అది గట్టిపడ్డాక చీరణంతో పైన తీగ చెక్కినా, సుత్తి దెబ్బకు రేకు సొట్టపోదు. మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళ మురుగులు చెవి దగ్గర పెట్టుకుని తట్టితే మోగవు, మెత్తగా మూలుగుతాయి. మార్చడానికి తీసుకెళితే మాత్రం, ముందు లక్క కరిగించి తీసేసి, ఆ మిగిలిన పల్చటి రేకునే కాటాలో పెడతారు.