బత్తాయి కింద వేరు

గుండ్లపోచంపల్లిలో మా అపార్ట్‌మెంట్ గేటు ముందు బండి మీదున్న పండు నాకు బత్తాయి, అనంతపురం నుంచి వచ్చిన కొలీగ్‌కి చీని, నర్సరీవాళ్ళకి సాత్‌గుడి. తీపి నారింజ పుట్టిల్లు చైనా అని 'చీని' అన్న పేరే గుర్తుచేస్తుంది. 2018లో నిమ్మజాతి జీనోములు చదివినవాళ్ళు ఇంకా వెనక్కి వెళ్ళారు. వాళ్ళ లెక్కలో ఇది పంపరపనస, కమలా వంశాలు కలిసిన సంకరం.

మన తోటల్లో బత్తాయిని రంగపూర్ నిమ్మ మొక్క మీద అంటుకడతారు. ఆ పుల్లటి కాయ బజార్లో కనబడడం అరుదు. అయినా చెట్టుకి నీళ్ళు తాగించేది దాని వేరే. అందుకే ఎవరూ అడగని పులుపు రకాలని కూడా సేకరించి పెంచాలంటాను. రేపటి తెగులుకి ఏ వేరు తట్టుకుంటుందో ఇవాళ చెప్పలేం కదా.

అమ్మమ్మ పులిహోరకి కాయలు కోసిన దబ్బచెట్టు ప్లాట్ల కింద పోయింది. ఒక్క గింజైనా దాచాలని అప్పుడు నాకు తోచలేదు.