ఒకే పేరు, వేరు వేరు అర్థాలు: సూరత్ మణుగు, యూనిక్స్ ఆదేశం

పందొమ్మిదో శతాబ్దంలో సూరత్ రేవులో మణుగు అంటే సుమారు 17 కిలోలు. మద్రాసులో 11 కిలోలకు కాస్త ఎక్కువ. బెంగాల్‌లో సుమారు 37 కిలోలు. పేరు ఒకటే, తూకాలు వేరు. సూరత్ చీటీలోని మణుగును మద్రాసు మణుగుగా లెక్కిస్తే బేరం తప్పుతుంది. కంప్యూటర్ల చరిత్రలోనూ ఇటువంటి చిక్కే వచ్చింది.

1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్ నిర్వహణ వ్యవస్థకు శ్రీకారం చుట్టారు. ఇందులో ఆదేశాన్ని కీబోర్డుపై టైపు చేస్తాం. దాని వెంట ఒక చిన్న గీత, ఒక అక్షరం చేర్చి పని ఎలా జరగాలో చెబుతాం. దీన్నే ఆప్షన్ అంటారు.

తర్వాత యూనిక్స్ శాఖలుగా చీలింది. బర్క్‌లీ విశ్వవిద్యాలయం బీఎస్‌డీని రూపొందించింది. ఏటీ అండ్ టీ సంస్థ 1983లో సిస్టమ్ ఫైవ్‌ను విడుదల చేసింది. నడుస్తున్న ప్రోగ్రాములను చూపే 'పీఎస్' ఆదేశం రెండింటిలోనూ ఉంది. దానికి 'ఈ' అక్షరం చేరిస్తే, సిస్టమ్ ఫైవ్ అన్ని ప్రోగ్రాములనూ చూపుతుంది. బీఎస్‌డీ మాత్రం ప్రోగ్రాముల పరిసర వివరాలను చూపుతుంది. ఒకచోట రాసిన ఆదేశాల వరుస మరోచోట వేరే ఫలితం ఇస్తే, దానిపై ఆధారపడిన పనులన్నీ తప్పుతాయి.

ఈ అయోమయాన్ని తొలగించడానికి 1988లో పోసిక్స్ ప్రమాణం వచ్చింది. ఆదేశాలకూ వాటి ఆప్షన్లకూ సంబంధించిన భాగం 1992లో వెలువడింది. అయితే ప్రమాణం మారినా చిక్కే. ఫైలు చివరి భాగాన్ని చూపే 'టెయిల్' ఆదేశానికి ఉన్న పాత రూపం ఒకటి 2001 ప్రమాణంలో తొలగిపోయింది. దాన్ని నమ్ముకున్న పాత ప్రోగ్రాములకు ఇబ్బంది కలిగింది. అందుకే ఏ సంవత్సరపు ప్రమాణాన్ని పాటించాలో వాడేవారే ఎంచుకునే వీలును గ్నూ రూపకర్తలు కల్పించారు. లినక్స్‌లోని 'పీఎస్' మరో ఉపాయం పాటిస్తుంది: అక్షరం ముందు గీత ఉంటే సిస్టమ్ ఫైవ్ అర్థం, లేకుంటే బీఎస్‌డీ అర్థం.

మన దేశంలో తూనికల చట్టం 1956లో వచ్చింది. కిలోలు ప్రవేశపెట్టిన తర్వాత కూడా పాత తూకాలకు కొంత గడువిచ్చారు. కొత్త ప్రమాణాన్ని తెచ్చేవారు పాత అలవాటుకు వ్యవధి ఇవ్వాలని రెండు చరిత్రలూ చెబుతున్నాయి. ఇక మీరు ఆదేశాలు రాసేటప్పుడు ప్రమాణంలో ఉన్న ఆప్షన్లనే వాడండి. అప్పుడు సూరత్‌లో రాసినది వరంగల్‌లోని మరో యంత్రంపై కూడా అదే పని చేసే అవకాశం ఎక్కువ.