సంత యజమానికి తెలుసా?

ఆన్‌లైన్ అంగళ్ళలో కాపీరైట్ గొడవల చరిత్ర చెప్పాలంటే నేనైతే ఒక మామూలు సంత నుంచి మొదలుపెడతాను. కాలిఫోర్నియాలో ఫ్రెస్నో దగ్గర చెర్రీ ఆక్షన్ అనే సంస్థ ఒక సంత నడిపేది. చిల్లర వ్యాపారులు రోజువారీ అద్దె కట్టి అక్కడ సరుకు పరుచుకునేవాళ్ళు. కొనడానికి వచ్చేవాళ్ళు గేటు దగ్గర టికెట్ కొనేవాళ్ళు. పార్కింగ్ మీదా, తినుబండారాల మీదా కూడా యజమానికి రాబడి ఉండేది. 1991లో అక్కడి షెరిఫ్ మనుషులు దాడి చేస్తే 38,000కు పైగా నకిలీ మ్యూజిక్ రికార్డింగులు దొరికాయి. మరుసటి ఏడాది, అమ్మకాలు ఇంకా సాగుతూనే ఉన్నాయని షెరిఫ్ యజమానికి ఉత్తరం కూడా రాశాడు. లాటిన్ సంగీతం హక్కులున్న ఫోనోవిసా అనే కంపెనీ కోర్టుకెక్కింది. వ్యాపారుల మీద కాదు, సంత యజమాని మీద.

యజమాని వాదన మనందరికీ తెలిసిందే: "నేను స్థలం అద్దెకిచ్చాను, అంతే. నేనేమీ అమ్మలేదు." కింది కోర్టు సరేనంది. 1996లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు మాత్రం ఒప్పుకోలేదు. ఏ వ్యాపారినైనా వెళ్ళగొట్టే అధికారం నీకుంది, ఆ నకిలీల కోసం వచ్చే జనం వల్ల నీకూ డబ్బొస్తోంది, జరుగుతున్నదేమిటో నీకు తెలుసు, కాబట్టి బాధ్యత నీకూ ఉంటుంది అని తేల్చింది.

ఇందులో నన్ను పట్టుకున్న మాట "తెలుసు". ఫ్రెస్నో సంతలో తెలియడం తేలిక. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు వెతుక్కున్నవాళ్ళకి ఇది అర్థమవుతుంది. నకిలీ ప్రతిని చేత్తో పట్టుకుంటే చాలు, కాగితం, అట్ట మీద అలుక్కుపోయిన అచ్చు దాని సంగతి చెప్పేస్తాయి. అమ్మేవాడు ఎదురుగానే కూచుని ఉంటాడు.

అప్పటికే, 1995లో, ఈబే మొదలైంది. ఇక్కడ సరుకు యజమాని కంటపడదు. అమ్మేవాడి ఇంటి నుంచి నేరుగా కొనేవాడి ఇంటికి వెళ్తుంది. ఫ్రెస్నో సూత్రాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడ పెడితే ఇంత పెద్ద సంత ఎవడూ నడపలేడు. అసలు పెట్టకపోతే రచయితకి దిక్కుండదు. 1998 అక్టోబరులో అమెరికా తెచ్చిన డిజిటల్ మిలీనియం కాపీరైట్ చట్టం ఒక మధ్యేమార్గం కనిపెట్టింది. సైటు నడిపేవాడు ప్రతి వస్తువునీ కాపలా కాయనక్కర్లేదు. కానీ ఎవరైనా ఫిర్యాదు చేస్తే వెంటనే తీసెయ్యాలి. తీసేస్తే అతనికి రక్షణ.

మరి ఫిర్యాదు అంటే ఏమిటి? చట్టం ఆరు అంశాలు చెప్పింది. సంతకం, ఏ రచన, అది సైటులో సరిగ్గా ఎక్కడుంది, ఫిర్యాదీ చిరునామా, ఇది అనుమతి లేని వాడకమని మనస్ఫూర్తిగా నమ్ముతున్నానన్న మాట, వివరాలు నిజమనీ, హక్కుదారు తరఫున మాట్లాడే అధికారం తనకుందనీ హామీ. ఆ అధికారం సంగతి అబద్ధమైతే శిక్షకు సిద్ధపడాలి.

ఈ ఆరింటి బలమేమిటో రాబర్ట్ హెండ్రిక్సన్‌కి తెలిసొచ్చింది. 'మాన్సన్' అనే డాక్యుమెంటరీ తీసినవాళ్ళలో అతనొకడు. ఆ సినిమా దొంగ ప్రతులు ఈబేలో అమ్ముతున్నారని 2000 డిసెంబరులో అతను ఉత్తరం రాశాడు. ఏ ప్రతులు దొంగవో అందులో లేదు. వస్తువుల నంబర్లు చెప్పండి, మా ఫారం నింపండి అని ఈబే మళ్ళీ మళ్ళీ అడిగింది. అతను నింపలేదు. లాయరు లేకుండా తనే కేసు వేసుకున్నాడు. 2001 సెప్టెంబరులో కోర్టు ఈబే వైపు తీర్పిచ్చింది. నంబర్లు ప్రతిసారీ తప్పనిసరి కాదని జడ్జి ఒక ఉదాహరణ కూడా చెప్పాడు: ఇంకా వీడియోగా విడుదల కాని 'ప్లానెట్ ఎక్స్' అనే సినిమా ఉందనుకోండి, దాని ప్రతులన్నీ దొంగవేనని స్టూడియో చెబితే చాలు, సైటు ఆ పేరుతో వెతుక్కోగలదు. హెండ్రిక్సన్ ఉత్తరంలో అంతపాటి స్పష్టత కూడా లేదు.

ఆ ప్రతులు నిజంగా దొంగవా? ఈబే బాధ్యత తేల్చడానికి ఆ ప్రశ్నకి జవాబు అవసరమే పడలేదు. ఫ్రెస్నోలో షెరిఫ్ రాసిన ఉత్తరం ఉంది, యజమానికి విషయం తెలుసన్నదాంట్లో వివాదమే లేదు. అయిదేళ్ళ తర్వాత, సినిమా తీసినవాడే రాసిన ఉత్తరం చట్టం దృష్టిలో "తెలియడం" కాలేదు.

సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌గా నాకు ఈ తీర్పు చాలా సహజంగా కనిపిస్తుంది. భయం వేసేది కూడా అందుకే. ఇలాంటి వ్యవస్థ కోడ్ రాయమంటే నేను రాసే స్థితులు ఇవే: ఫిర్యాదు వచ్చింది, వివరాలు సరిపోయాయి, తీసేశాం, అమ్మినవాడు అభ్యంతరం చెప్పాడు, 10 నుంచి 14 పనిదినాలలోపు ఫిర్యాదీ కోర్టుకెళ్ళలేదు, తిరిగి పెట్టాం. "ఇది ఎవరిది?" అనే కాలమ్ ఆ టేబుల్‌లో ఎక్కడా ఉండదు. పెట్టాల్సిన పని లేదు కాబట్టి ఉండదు. అబద్ధపు ఫిర్యాదు ఫారం చక్కగా నింపుకుని వస్తే అమాయకుడి సరుకు మాయమవుతుంది. నిజమైన ఫిర్యాదు మామూలు ఉత్తరంగా వస్తే అక్కడే ఆగిపోతుంది.

తెలిశాక ఎంతదాకా వెళ్ళొచ్చన్నది 2009 జులైలో బయటపడింది. అమ్మే హక్కు లేని ఒక సంస్థ ఆర్వెల్ '1984', 'యానిమల్ ఫామ్' పుస్తకాలను అమెజాన్ కిండిల్ దుకాణంలో పెట్టింది. హక్కుదారు చెప్పగానే అమెజాన్ వాటిని దుకాణం నుంచే కాదు, కొన్నవాళ్ళ కిండిల్స్‌లోంచి కూడా చెరిపేసి డబ్బు వెనక్కిచ్చింది. మిషిగన్‌లో ఒక స్కూలు కుర్రాడికి '1984' మీద రాసుకున్న నోట్సు పనికిరాకుండా పోయింది. అతను కేసు వేశాడు, జెఫ్ బెజోస్ బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. చిత్రమేమిటంటే అప్పటికే ఆస్ట్రేలియా, కెనడాలలో ఆ పుస్తకాలు ఎవరైనా వేసుకోవచ్చు. మన దేశంలో 2011 జనవరి 1 నుంచి స్వేచ్ఛ. అమెరికాలో '1984'కి 2044 చివరిదాకా హక్కులున్నాయి. ఒకే పుస్తకం ఒక చోట దొంగసొత్తు, ఇంకో చోట అందరి సొత్తు.

ఇక మన చట్టం. 2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ, 2013 నాటి నిబంధనలు కలిపి చదివితే, లింకులూ డిజిటల్ ప్రతులూ అందించే మధ్యవర్తి రాతపూర్వక ఫిర్యాదు అందిన 36 గంటల్లో దాన్ని అందకుండా చెయ్యాలి. కానీ ఫిర్యాదీ 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు తేవాలి. తేకపోతే మధ్యవర్తి మళ్ళీ పెట్టుకోవచ్చు. అబద్ధపు ఫిర్యాదులకు ఇది మంచి అడ్డుకట్టే, కాదనను. అయితే సొంత డబ్బుతో 500 కాపీలు వేసుకున్న తెలుగు కవిని తలుచుకోండి. ఆ పుస్తకం మీద మొత్తం వచ్చేది లాయరు మొదటి ఫీజుకి చాలదు. మన దగ్గర హక్కు రచయిత పోయాక 60 ఏళ్ళు ఉంటుంది. చలం 1979లో, శ్రీశ్రీ 1983లో పోయారు. అంటే చలం రచనలకు 2039 చివరిదాకా, శ్రీశ్రీ రచనలకు 2043 చివరిదాకా. అన్నేళ్ళపాటు ఎవరో ఒకరు ఇంట్లో కూచుని ఫారాలు నింపుతూ, తేదీలు లెక్కపెడుతూ ఉండాలి. పెద్ద ప్రచురణకర్తకి అది జీతమిచ్చి చేయించే పని. మామూలు కుటుంబానికి మోయలేని బరువు.

అందుకే నాకు 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల్లో ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక వాక్యం విలువైనదిగా కనిపిస్తుంది. కాపీరైట్ చట్టం కింద ఇదివరకు తీసేసిన సరుకును పదేపదే పెట్టే అమ్మకందారుల్ని గుర్తుపట్టేలా వివరాలు దాచడానికి మార్కెట్‌ప్లేస్ తగిన ప్రయత్నం చెయ్యాలని ఆ నిబంధన. అలాంటివాళ్ళని వెళ్ళగొట్టి తీరాలని మాత్రం అనలేదు. అది సంస్థ ఇష్టం. వెళ్ళగొట్టే అధికారం చేతిలో ఉండడమే బాధ్యతకి ఒక కారణమని ఫ్రెస్నో కేసులో అప్పీళ్ళ కోర్టు అంది. ఇక్కడ ఆ అధికారాన్ని వాడమని అడగలేదు, కనీసం గుర్తుపెట్టుకోమంది. రచయిత ఆ జాబితా ఎలా ఉందని అడిగితే చూపించాలన్న మాట కూడా అందులో చేరితే, సగం ఉత్తరాలు రాయాల్సిన అవసరమే ఉండదనుకుంటాను.