చాకో కాన్యన్ క్షేత్ర పాఠశాల

చాకో కాన్యన్ క్షేత్ర పాఠశాల అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని న్యూ మెక్సికో విశ్వవిద్యాలయం నడిపిన వేసవి పాఠశాల. పురావస్తు శాస్త్ర విద్యార్థులకు తవ్వకాలలో శిక్షణ ఇవ్వడం దీని ఉద్దేశం. న్యూ మెక్సికో రాష్ట్రపు వాయవ్య భాగంలోని ఎడారి ప్రాంతంలో, ప్రాచీన ప్యూబ్లో ప్రజల శిథిలాల మధ్య 1929లో ఇది ప్రారంభమయింది. రెండవ ప్రపంచయుద్ధకాలంలో ఆగిపోయి, 1947లో తిరిగి జరిగింది. ఆ తరువాత కూడా అదే విశ్వవిద్యాలయపు విద్యార్థులు వేర్వేరు కాలాలలో ఇక్కడ పనిచేశారు. మహాభవనాల సమీపంలోని చిన్న ఇళ్ళలో కొన్ని ఆ భవనాల కాలానికే చెందినవని గుర్తించడం ఈ పాఠశాల సాధించిన ముఖ్య ఫలితం. తవ్విన నేలను తిరిగి మొదటి స్థితికి తేవడం సాధ్యం కాదనే విషయానికి కూడా దీని చరిత్ర ఒక ఉదాహరణ.

ప్రదేశం

కాన్యన్ అంటే నిట్టనిలువు రాతిగోడల నడుమ ఉన్న లోయ. చాకో కాన్యన్ సముద్రమట్టానికి సుమారు 1,900 మీటర్ల ఎత్తున ఉన్నది. ఇక్కడ సంవత్సరానికి కురిసే వర్షం సగటున 22 సెంటీమీటర్లు మాత్రమే. వేసవిలో ఎండ, శీతాకాలంలో చలి రెండూ తీవ్రంగా ఉంటాయి.

ఇటువంటి చోట క్రీ.శ. 850 - 1150 మధ్య ప్యూబ్లో ప్రజల పూర్వీకులు ఇసుకరాయితో అనేక అంతస్తుల భవనాలు కట్టారు. వీటిని మహాభవనాలు అంటారు. వీటిలో పెద్దదైన ప్యూబ్లో బొనీటోలో 600కు పైగా గదులు ఉండేవి. దాని తరువాతి స్థానం ఛెట్రో కెట్ల్ అనే భవనానిది. పైకప్పులకు కావలసిన దూలాలలో చాలా భాగం 75 కిలోమీటర్లకు పైగా దూరంలోని కొండల నుండి వచ్చాయి. అప్పట్లో అక్కడ బండ్లు గాని, బరువులు లాగే పశువులు గాని లేవు. భవనాలలో కివా అనే గుండ్రని గదులు కూడా ఉన్నాయి. ఇవి మతపరమైన కార్యాలకు, సమావేశాలకు ఉపయోగపడేవి.

ప్యూబ్లో అనేది ఊరు అని అర్థమిచ్చే స్పానిష్ మాట. పాత పుస్తకాలలో ఈ ప్రజలను అనసాజీ అన్నారు. అది నవాహో భాషకు చెందిన మాట. ప్యూబ్లో ప్రజలలో అనేకులు దానికి అభ్యంతరం చెప్పడంతో ఇప్పుడు 'పూర్వ ప్యూబ్లో ప్రజలు' అనే పేరు వాడుకలో ఉన్నది.

అంతకు ముందటి తవ్వకాలు

1896 - 1899 మధ్య రిచర్డ్ వెదరిల్, జార్జ్ పెప్పర్ ప్యూబ్లో బొనీటోలో తవ్వకాలు జరిపారు. దొరికిన వస్తువులతో పాటు అస్థికలు కూడా న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నాచురల్ హిస్టరీకి చేరాయి. శిథిలాలు ఇలా ఖాళీ అవుతున్నాయన్న ఆందోళన 1906లో అమెరికా పురావస్తు రక్షణ చట్టానికి దారితీసిన కారణాలలో ఒకటి. మరుసటి సంవత్సరం చాకో కాన్యన్‌ను జాతీయ స్మారక చిహ్నంగా ప్రకటించారు. 1921 - 1927 మధ్య నేషనల్ జియోగ్రాఫిక్ సొసైటీ తరఫున నీల్ జడ్ ప్యూబ్లో బొనీటోలో విస్తృతంగా తవ్వకాలు జరిపాడు.

పాఠశాల ప్రారంభం

1906 చట్టం రూపకల్పనలో పాలుపంచుకున్న ఎడ్గార్ లీ హ్యూవెట్ ఈ పాఠశాలకు మూలపురుషుడు. 1928లో న్యూ మెక్సికో విశ్వవిద్యాలయంలో మానవశాస్త్ర విభాగాన్ని ఆరంభించిన హ్యూవెట్, మరుసటి వేసవిలో విద్యార్థులను ఛెట్రో కెట్ల్ శిథిలాల వద్దకు తీసుకువచ్చాడు. విద్యార్థులలో స్త్రీలు కూడా చెప్పుకోదగిన సంఖ్యలో ఉండడం ఆ కాలానికి విశేషమే. వారిలో బెర్తా డట్టన్ లెయిట్ కిన్ అనే చిన్న శిథిలాన్ని తవ్వి, 1938లో నివేదిక ప్రచురించింది.

అదే 1929లో ఎ.ఇ. డగ్లస్ అనే ఖగోళ శాస్త్రవేత్త వృక్ష వలయాల కాలపట్టికలోని ఖాళీని పూరించాడు. చెట్టు మానులో ఏటా ఒక వలయం ఏర్పడుతుంది. వానలు బాగా పడిన ఏడు అది వెడల్పుగా, కరువు ఏడు సన్నగా ఉంటుంది. ఈ వరుసను పాత దూలాలతో పోల్చితే ఆ చెట్టును ఏ సంవత్సరంలో నరికారో తెలుస్తుంది. కాబట్టి చాకోలో మొదటి వేసవి నుండే విద్యార్థులకు సంవత్సరంతో సహా కాలాన్ని నిర్ణయించగల సాధనం అందుబాటులో ఉన్నది.

శిక్షణ విధానం

క్షేత్ర పాఠశాలలలో ముందుగా స్థలాన్ని తాళ్ళతో చదరాలుగా విభజిస్తారు. ఒక్కొక్క చదరంలో మట్టిని తాపీతో పలుచగా గీస్తూ తీసి జల్లెడ పడతారు. దొరికిన ప్రతి కుండ పెంకు ఏ చదరంలో, ఎంత లోతున, ఏ పొరలో దొరికిందో రాసి సంచిలో వేస్తారు. తరువాత వాటిని కడిగి, సంఖ్యలు వేసి, పటాలు గీస్తారు. వస్తువు కంటే అది దొరికిన చోటే ముఖ్యమనేది విద్యార్థి నేర్చుకోవలసిన మొదటి పాఠం. చోటు నమోదు కాని పెంకు చరిత్రకు పెద్దగా ఉపయోగపడదు.

ఛెట్రో కెట్ల్ చెత్తదిబ్బ

సాధారణంగా కింది పొర పాతది, పై పొర కొత్తది. కానీ ఛెట్రో కెట్ల్ చెత్తదిబ్బలో ఫ్లోరెన్స్ హాలీ దీనికి విరుద్ధమైన స్థితిని గమనించింది. కుండ పెంకులను, బొగ్గుముక్కలలోని వృక్ష వలయాలను పరిశీలించినపుడు కొన్నిచోట్ల పాత వస్తువులు పైన, కొత్తవి కింద ఉన్నట్లు తేలింది. పాత చెత్తను ఒకచోటి నుండి తీసి మరొకచోట పోస్తే పొరలు ఇలా తారుమారవుతాయి. లోతును మాత్రమే నమ్ముకుని కాలం చెప్పరాదని ఈ పరిశీలన హెచ్చరించింది.

చిన్న ఇళ్ళు

1936 నుండి పాఠశాల దృష్టి లోయకు దక్షిణపు వైపు, కాసా రింకొనాడా అనే మహాకివా సమీపంలోని చిన్న ఇళ్ళ మీదకు మళ్ళింది. బి.సి. 50, బి.సి. 51 అనే సంకేతాలు గల ఇళ్ళను తవ్వారు. 1927లో పెకోస్ సమావేశంలో రూపొందిన కాలవిభజన ప్రకారం చిన్న ఇళ్ళు ముందు దశవి, మహాభవనాలు తరువాతి దశవి. కానీ ఈ ఇళ్ళలో కొన్నింటిలో మహాభవనాల కాలంలోనే జనం నివసించారని తవ్వకాలలో వెల్లడయింది. 1937 తవ్వకాలపై క్లైడ్ క్లక్‌హోన్, పాల్ రైటర్ 1939లో ప్రచురించిన నివేదిక ఈ విషయాన్ని చర్చించింది. ఒకే లోయలో ఒకే కాలంలో రెండు రకాల జీవనం ఎందుకు ఉన్నదనే ప్రశ్న ఇక్కడ మొదలై చాకో పరిశోధనలో కొనసాగుతూ ఉన్నది.

లోపాలు, సంరక్షణ

పాఠశాలకు లోపాలు కూడా ఉన్నాయి. తవ్విన చిన్న ఇళ్ళలో కొన్నింటిపై సంపూర్ణ నివేదికలు వెలువడలేదు. విద్యార్థుల నోటు పుస్తకాలు, ఛాయాచిత్రాలు పలు సంస్థలకు చెదిరిపోయాయి. తవ్వినచోట మట్టిపొరలు ఇక లేవు గనుక వాటికి మిగిలిన సాక్ష్యం ఆ కాగితాలే. ఇటువంటి పత్రాలను కంప్యూటరులో చేర్చి అందరికీ అందుబాటులో ఉంచే పనిని తరువాతి కాలంలో చాకో రీసెర్చ్ ఆర్కైవ్ చేపట్టింది.

మట్టి తొలగించిన గోడలు ఎండకు, వానకు, మంచుకు దెబ్బతింటాయి. 1937లో గోర్డన్ వివియన్ పర్యవేక్షణలో నవాహో పనివారి బృందం గోడలను పటిష్ఠపరచడం ప్రారంభించింది. 1947లో వచ్చిన వరదకు ఛెట్రో కెట్ల్ గోడలు కొన్ని కూలిపోయాయి. 20వ శతాబ్దపు చివరి దశాబ్దాలలో, తవ్విన గదులలో కొన్నింటిని మళ్ళీ మట్టితో పూడ్చి కాపాడే పద్ధతి అమలులోకి వచ్చింది.

తరువాతి కాలం

1949లో విశ్వవిద్యాలయం లోయలోని తన భూమిని జాతీయ స్మారక చిహ్నానికి అప్పగించి, పరిశోధన చేసే హక్కును నిలుపుకున్నది. చాకో 1980లో జాతీయ చారిత్రక ఉద్యానవనంగా మారింది. 1987లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది.

2000ల దశకంలో విశ్వవిద్యాలయం కొత్తచోట తవ్వడానికి బదులు, ప్యూబ్లో బొనీటో ముందున్న దిబ్బలలో జడ్ తవ్విన పాత కందకాలను తిరిగి తెరిచింది. అక్కడ దొరికిన కుండ పెంకులలో కకావో ఆనవాళ్ళు ఉన్నట్లు 2009లో ప్యాట్రిషియా క్రౌన్, జెఫ్రీ హర్స్ట్ ప్రకటించారు. కకావో అంటే చాక్లెట్ తయారుచేసే గింజ. అది పండే ప్రాంతం దాదాపు 2,000 కిలోమీటర్లు దక్షిణంగా ఉన్నది.

వారసుల హక్కులు

హోపీ, జూనీ, ఆకోమా, లగూనా మొదలైన ప్యూబ్లో ప్రజలు చాకోను తమ పూర్వీకుల స్థలంగా భావిస్తారు. వారి దృష్టిలో అది విడిచిపెట్టిన ఊరు కాదు. తొలినాటి తవ్వకాలకు వారి అనుమతి ఎవరూ కోరలేదు. 1990లో వచ్చిన సమాఖ్య చట్టం అస్థికలు, పవిత్ర వస్తువుల విషయంలో వారసులకు హక్కులు కల్పించింది.

అయినా వివాదాలు ముగియలేదు. 1890లలో న్యూయార్క్‌కు చేరిన అస్థికలపై జరిగిన డి.ఎన్.ఎ. పరిశోధన 2017లో వెలువడినపుడు, వారసులను సంప్రదించలేదన్న విమర్శ వచ్చింది. దీనికి భిన్నంగా, పికురిస్ ప్యూబ్లో ప్రజలు తామే చొరవ తీసుకుని శాస్త్రవేత్తలతో కలిసి జరిపిన పరిశోధన 2025లో ప్రచురితమయింది. చాకోతో తమకు సంబంధం ఉన్నదని వారు తరతరాలుగా చెప్పుకుంటున్న మౌఖిక చరిత్రకు అది బలం చేకూర్చింది.