సైనికుని కాలి బొటనవేలు, పింఛను కాగితం

నేను పదవీ విరమణ చేసిన కొన్నేళ్ళకు ఒక మాజీ హవల్దారు గారు మా ఇంటికి వచ్చారు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఇరవై ఏళ్ళ కాగితాలు. ఆయన అడిగింది ఒక్కటే: "డాక్టరు గారూ, ఈ గౌట్ నాకు సర్వీసు వల్లనే వచ్చిందని మీరు రాసి ఇవ్వగలరా?" కాగితాలు తిరగేస్తుంటే నా చేతివ్రాతే నాకు ఎదురయింది. ఆయన సెలవు మీద ఊరికి వచ్చినప్పుడు, కాలి బొటనవేలు ఎర్రగా వాచి, నా దగ్గరకు కుంటుతూ వచ్చిన నాటి చీటీ అది. "గౌట్. మాంసము, మద్యము మానవలెను" అని రాసి, తేదీ వేసి, సంతకం చేశాను. అంతకు మించి ఒక్క ముక్క లేదు. ఎక్కడ పనిచేస్తున్నారు, ఏ మాత్రలు వాడుతున్నారు అని నేను అడగలేదు. అడగవలసి ఉన్నదని కూడా ఆనాడు నాకు తోచలేదు.

అలా తోచకపోవడం వెనుక రెండు వేల ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉన్నదని తరువాత చదివి తెలుసుకున్నాను. అది మీకూ తెలియడం మంచిది. ఎందుకంటే మీ ఇంట్లోనో వీధిలోనో ఒక మాజీ సైనికుడు ఉండవచ్చు.

ఆయుర్వేదం వాతరక్తమని వర్ణించిన వ్యాధికి, నేటి గౌట్‌కు చాలా పోలికలున్నాయి. చరక సంహిత దానికి చెప్పిన మారుపేర్లలో ఒకటి ఆఢ్యవాతం. ఆఢ్యుడంటే ధనవంతుడు. కూర్చుని సుఖంగా తినే సుకుమారులకు వచ్చే జబ్బన్నమాట. అయితే అదే గ్రంథం ఈ వ్యాధికి కారణాలను లెక్కపెడుతూ గుర్రాల మీద, ఒంటెల మీద చేసే ప్రయాణాలను కూడా చేర్చింది. ఆ కాలంలో అటువంటి వాహనాల మీద రోజుల తరబడి తిరిగినవారిలో సైనికులు లేకుండా ఉంటారా? కానీ లోకం ధనవంతుని మాటనే గుర్తు పెట్టుకొన్నది, గుర్రాల మాటను మరచిపోయింది.

గ్రీకు దేశంలోనూ ఇదే కథ. హిపోక్రటీస్ పేరిట ఉన్న సూత్రాలలో నపుంసకులకు ఈ వ్యాధి రాదనీ, స్త్రీలకు ముట్లు ఆగేవరకు రాదనీ, యువకులకు స్త్రీ సంపర్కానికి ముందు రాదనీ ఉన్నది. స్త్రీల గురించిన పరిశీలన నేటికీ చెక్కు చెదరనిది. ఈస్ట్రోజెన్ ఉన్నంతకాలం మూత్రపిండాలు యూరిక్ ఆమ్లాన్ని బాగా బయటకు పంపుతాయి. కానీ మూడవ సూత్రం భోగలాలసతకు, బొటనవేలికి ముడి వేసింది. ఆ ముడి విప్పడానికి వైద్యశాస్త్రానికి చాలా కాలం పట్టింది. పింఛను కార్యాలయాలలో అది నేటికీ పూర్తిగా విడలేదని నా అభిప్రాయం.

సేనలను నడిపినవారిలో గౌట్ పీడితులకు లోటు లేదు. ఐరోపాలో సగాన్ని ఏలిన ఐదవ చార్లెస్ చక్రవర్తి 1552లో మెట్జ్ నగర ముట్టడికి వెళ్ళేనాటికే ఈ వ్యాధితో కుంగిపోయి ఉన్నాడు. ఆయన భౌతికకాయం నుండి వేరుపడి భద్రంగా మిగిలిన ఒక వేలి ఎముకను స్పెయిన్ వైద్యులు పరీక్షించి, యూరేట్ స్ఫటికాలు దానిని తొలిచివేశాయని 2006లో ప్రకటించారు. పదిహేడవ శతాబ్దంలో ఈ వ్యాధిని ఎవరూ వర్ణించనంత బాగా వర్ణించిన ఆంగ్ల వైద్యుడు థామస్ సిడెన్‌హామ్ కూడా అంతర్యుద్ధంలో పార్లమెంటు పక్షాన పోరాడినవాడే. తానే రోగి కనుక ఆ వర్ణనకు అంత బలం వచ్చింది. ఆరోగ్యంగా నిద్రించినవాడు రాత్రి రెండు గంటల వేళ బొటనవేలి నొప్పితో మేల్కొనడం, పైనున్న దుప్పటి బరువును కూడా భరించలేకపోవడం 1683లో వెలువడిన ఆయన గ్రంథంలో ఉన్నాయి. నా దగ్గరకు వచ్చిన రోగులు చెప్పినదీ అక్షరాలా అదే.

అసలు కారణం మెల్లగా బయటపడింది. 1776లో షీలే మూత్రపిండపు రాయి నుండి యూరిక్ ఆమ్లాన్ని వేరు చేశాడు. 1797లో వొలాస్టన్ గౌట్ గడ్డలలో ఉన్నది దాని లవణమేనని చూపాడు. 1848లో ఆల్ఫ్రెడ్ గారడ్ గౌట్ రోగుల రక్తంలో అది మితిమీరి ఉన్నదని నిరూపించాడు. నా దృష్టిలో గారడ్ చేసిన ఇంకొక పని మరింత గొప్పది. ఆయన తన ఆసుపత్రి రోగులను వృత్తి ఏమిటని అడిగాడు. వారిలో సుమారు నాలుగో వంతు మంది సీసంతో పనిచేసినవారు; గొట్టాలు అమర్చేవారు, రంగులు వేసేవారు. సీసం మూత్రపిండాలను దెబ్బతీస్తే యూరిక్ ఆమ్లం లోపలే నిలిచిపోతుంది. ధనవంతుని జబ్బు కూలివానికి తన పని వల్ల వచ్చిందన్నమాట! నేను అడగని ప్రశ్నను ఆయన నూట యాభై ఏళ్ళకు మునుపే అడిగాడు.

ఇప్పుడు పింఛను సంగతికి వద్దాము. ఈ తగవు చట్టాలలో స్పష్టంగా కనిపించేది అమెరికాలో. అక్కడి అంతర్యుద్ధ కాలంలో, 1862లో, ఒక పింఛను చట్టం వచ్చింది. పూర్తిగా అశక్తుడైన సామాన్య సైనికునికి నెలకు 8 డాలర్లు. అయితే ఆ అశక్తత సేవాకాలపు గాయం వల్లనో వ్యాధి వల్లనో కలిగిందని రుజువు కావాలి. యుద్ధం ముగిసిన దశాబ్దాల తరువాత కూడా ముసలి సైనికులు తోటివారి ప్రమాణ పత్రాలు పట్టుకుని ప్రభుత్వ వైద్యుల ముందు నిలబడేవారు. తడి నేల మీద పడుకోవడం వల్ల కీళ్ళు పట్టుకుపోయాయన్నది వారు తరచుగా చెప్పుకున్న బాధ. దానికి వైద్యులు రాసిన పేరు రుమాటిజం. అందులో కొంత గౌట్ ఉండే ఉంటుందని నా అనుమానం. పేదవాని కీలు వాస్తే రుమాటిజం, దొరగారి కీలు వాస్తే గౌట్ అనే అలవాటు ఆనాటి వైద్యులలో ఉండేది. కీలులోని ద్రవంలో యూరేట్ స్ఫటికాలను ప్రత్యేకమైన సూక్ష్మదర్శినితో చూసి తేల్చే పద్ధతి 1961లో గాని రాలేదు.

1890లో అమెరికా ఈ రుజువు భారాన్ని తీసివేసింది. తొంభై రోజులు సేవ చేసి గౌరవంగా విడుదలైనవాడు శరీర శ్రమ చేయలేని స్థితిలో ఉంటే చాలు, కారణం అడగరు. ఒక్క షరతు మాత్రం పెట్టారు: ఆ అశక్తత అతని దుర్వ్యసనాల వల్ల కలిగినది కాకూడదు. గౌట్ అన్న పేరు ఎవరి కాగితం మీదనైనా ఉంటే ఆ షరతు వారిని ఎలా తాకి ఉంటుందో మీరే ఊహించండి. సరిగ్గా వందేళ్ళకు, 1990లో, మద్యపాన వ్యసనం మూలంగా వచ్చిన అశక్తతకు పరిహారం ఉండదని అదే దేశం మరొక చట్టం చేసింది.

నేడు అమెరికా మాజీ సైనికుల శాఖ పట్టికలో గౌట్‌కు 5017 అనే సంకేత సంఖ్య ఉన్నది. పరిహారం కోరేవారు మూడు విషయాలు చూపాలి: ఇప్పుడు వ్యాధి ఉన్నదని, సేవాకాలంలో దానికి బీజం పడిందని, ఈ రెంటికీ లంకె ఉన్నదని. ఆ లంకెను వైద్యుడు రాసి ఇవ్వాలి. నూటికి నూరుపాళ్ళు నిశ్చయం అక్కరలేదు. అవునన్న అవకాశం కాదన్న దానికి కనీసం సమానంగా ఉంటే చాలు. తూకం సరిసమానమైతే ఫలం సైనికునిదే. అక్కడి న్యాయస్థానం 1990లో దీనిని వివరిస్తూ తమ బేస్‌బాల్ ఆట నియమంతో పోల్చింది. మనకు క్రికెట్‌లో అనుమానం వస్తే బ్యాట్స్‌మన్‌కే అనుకూలం కదా, అటువంటిదే. కానీ "కావచ్చు" అని మాత్రమే రాసిన ఉత్తరం నిలవదు. ఎందుకు అన్నది రాయాలి. రక్తపరీక్షలో యూరిక్ ఆమ్లం ఎక్కువగా ఉన్నంత మాత్రాన కూడా పరిహారం రాదు. అది పరీక్షా ఫలితమే గాని వ్యాధి కాదు.

వైద్యంగా చూస్తే, లంకె తరచుగా రెండు మెట్ల మీద నిలుస్తుంది. గౌట్ రోగులలో అత్యధికులకు అసలు లోపం తిండిలో కాదు, యూరిక్ ఆమ్లాన్ని బయటకు పంపడంలో. ఆ పనిని మందగింపజేసే వాటిలో మూత్రపిండాల వ్యాధి ఒకటి, రక్తపోటుకు ఇచ్చే థయజైడ్ మాత్రలు ఇంకొకటి. సేవ వల్ల వచ్చినదని ఒక వ్యాధిని ఒప్పుకొన్న తరువాత, దాని వల్ల గానీ దాని మందుల వల్ల గానీ పుట్టిన రెండవ వ్యాధికి కూడా అమెరికా చట్టం పరిహారం ఇస్తుంది. వియత్నాంలో ఏజెంట్ ఆరెంజ్ తాకిడికి గురైనవారి రక్తపోటును 2022 నాటి పాక్ట్ చట్టం సేవాజనితమని ముందే అంగీకరించింది. అటువంటివారికి థయజైడ్ మాత్రలు ఇచ్చిన తరువాత గౌట్ వస్తే, ఆ రెండవ మెట్టు గురించి వైద్యుడు ధైర్యంగా రాయవచ్చు. కాల్పుల శిక్షణ స్థలాలలో సీసపు ధూళి సంగతిని కూడా అక్కడి జాతీయ పరిశోధనా మండలి 2012లో పరిశీలించింది. గారడ్ ప్రశ్న సైన్యం దాకా రావడానికి అంతకాలం పట్టింది.

మన దేశంలో మాట వేరు, భావం అదే. వ్యాధి సైనిక సేవకు ఆపాదించదగినదా, లేక సేవ వల్ల ముదిరినదా అని మెడికల్ బోర్డు తేల్చాలి. 1982 నాటి నిబంధనలను వివరిస్తూ సుప్రీంకోర్టు 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో చెప్పినది మాజీ సైనికుల కుటుంబాలన్నీ తెలుసుకోదగినది. చేరేటప్పుడు రాసిన కాగితాలలో వ్యాధి ప్రస్తావన లేకపోతే అతడు ఆరోగ్యవంతుడనే భావించాలి. రుజువు భారం సైనికుని మీద లేదు. బోర్డు కాదన్నప్పుడు కారణాలు రాయాలి. 2023లో కొత్త నిబంధనలు వచ్చాయి కనుక ఇప్పుడు విడుదలవుతున్నవారు వాటిని చూసుకోవాలి.

ఇక హవల్దారు గారి కవరు. ఆయనను కాదన్న బోర్డు కాగితంలో ఉన్నది ఒకే వాక్యం: శరీరతత్వం వల్ల, ఆహారపుటలవాట్ల వల్ల వచ్చినది, సేవతో సంబంధం లేదు. నా చీటీ చెప్పినదీ దాదాపు అదే. కానీ అడుగున సైనిక ఆసుపత్రి పుస్తకం దొరికింది. మొదటిసారి బొటనవేలు వాచడానికి రెండేళ్ళ ముందు ఆయనకు రక్తపోటు ఉన్నదని రాసి, థయజైడ్ మాత్ర మొదలుపెట్టారు. ఆ మాత్రను ఆపినట్టు ఎక్కడా లేదు.

ఆ సాయంత్రమే కూర్చుని ఉత్తరం రాశాను. తేదీల వరుస, మాత్ర పేరు, అది మూత్రపిండాలలో చేసే పని, నా అభిప్రాయానికి కారణాలు, అన్నీ రాశాను. మంచు కొండల మీద పనిచేయడం వల్లనే వచ్చిందని కూడా చేర్చమని ఆయన కోరారు. ఎత్తైన ప్రదేశాలలో యూరిక్ ఆమ్లం పెరగడం నిజమే గాని, ఆయనకు మొదటి నొప్పి వచ్చింది కొండలు దిగిన నాలుగేళ్ళకు. అది రాయలేనని చెప్పాను. ఆయన కొంత చిన్నబుచ్చుకున్నారు. అయినా నేను రాయలేదు.

వెళ్ళబోతూ, నా పాత చీటీని బయటకు తీసి, "దీన్ని పారేయమంటారా, డాక్టరు గారూ?" అని అడిగారు. వద్దన్నాను. అందులో నేను రాసిన సలహా ఎలా ఉన్నా, వ్యాధి పేరు ఉన్నది, తేదీ ఉన్నది. ఆ తేదీనాటికి ఆయన ఇంకా సర్వీసులోనే ఉన్నారు.