కోటలో చదువు, ఊళ్ళో ఓటు

పాలమూరు చరిత్ర రాసేవారంతా సంస్థానాల దగ్గర మొదలుపెడతారు. నేనూ అక్కడినుంచే మొదలుపెడతాను గానీ, కవిపండిత సత్కారాల గురించి చెప్పబోవటం లేదు. గద్వాల కోటలో ఇప్పుడు మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ పేరిట డిగ్రీ కళాశాల నడుస్తున్నది. వనపర్తి రాజప్రాసాదంలో 1959లో మొదలైన పాలిటెక్నిక్ ఉన్నది. ఒకనాడు రైతు చేతులు కట్టుకుని నిలబడిన చోట ఈనాడు రైతుబిడ్డ పుస్తకం తెరుస్తున్నాడు. ఇది చిన్న మార్పేమీ కాదు. అయితే ఆ బిడ్డకు ఓటున్నదా, ఉంటే ఏ ఊళ్ళో ఉన్నది, పోలింగు నాటికి అక్కడికి చేరగలడా అని అడిగితే మాత్రం కథ అంత సాఫీగా సాగదు. ఈ టపా ఆ కథ గురించి.

నిజాం రాజ్యంలో ఈ ప్రశ్నే లేదు. 1939లో ప్రకటించిన సంస్కరణలలో కూడా శాసనసభకు ప్రాతినిధ్యం వృత్తి వర్గాలవారీగా ఇవ్వాలని తలపెట్టారే తప్ప, మనిషికొక ఓటు అనే మాట లేదు. ఆ మాట ఇక్కడికి 1952 ఎన్నికలతో వచ్చింది. అప్పుడు వనపర్తి నుంచి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైనవారు గద్వాల ప్రాంతంవారైన సురవరం ప్రతాపరెడ్డి. 1926లో గోలకొండ పత్రిక పెట్టి, తెలంగాణములో కవులు లేరన్నవారికి గోలకొండ కవుల సంచికతో సమాధానమిచ్చిన మనిషి, మొట్టమొదటిసారి ఓటు చేతబట్టుకున్న జనం ముందు నిలబడి గెలిచారు. మన ప్రాంతపు ప్రజాస్వామ్యానికి ఇంతకన్న మంచి తొలిపుట దొరకదు.

కానీ ఆ తొలిపుటలో కాలేజీ పిల్లలు దాదాపుగా లేరు. ఓటుకు 21 ఏళ్ళు నిండాలి. అదే ఏడు సెప్టెంబరులో ముల్కీ ఆందోళన హైదరాబాదును కుదిపేసింది. సిటీ కాలేజీ దగ్గర కాల్పులు జరిగాయి. వీధిలోకి వచ్చినవారిలో విద్యార్థులే ముందున్నారు. 1969లోనూ అంతే. ఆ ఉద్యమపు వేడిలోనే 1971 లోక్‌సభ ఎన్నికలలో తెలంగాణ ప్రజాసమితి 10 స్థానాలు గెలుచుకున్నది, నాగర్‌కర్నూల్ స్థానం కూడా సమితికే దక్కింది. ఇంటర్మీడియట్‌లోనో, డిగ్రీ మొదటి ఏళ్ళలోనో ఉండి దెబ్బలు తిన్న పిల్లవాడికి మాత్రం ఆ గెలుపులో ఓటు లేదు. లాఠీకి అడ్డురాని వయసు బ్యాలెట్ పెట్టెకు అడ్డొచ్చిందన్నమాట.

రాజ్యాంగపు 61వ సవరణతో ఆ గోడ కూలింది. 1989 మార్చి 28 నుంచి ఓటు వయసు 18 అయింది. ఆ సంవత్సరం నవంబరు ఎన్నికలలో 18, 19, 20 ఏళ్ళవారు తొలిసారి వరుసలో నిలబడ్డారు. ఇక అడ్డంకులన్నీ తీరిపోయినట్టే అనుకుంటాం. నా అభిప్రాయంలో అప్పటినుంచి అడ్డంకి తీరలేదు, రూపు మార్చుకున్నది. అంతకుముందు "నీ వయసెంత?" అని అడిగేవారు. ఇప్పుడు "నీది ఏ ఊరు?" అని అడుగుతున్నారు.

పాలమూరు వాళ్ళకు ఈ ప్రశ్న కొత్త కాదు. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా అక్కడ పాలమూరు లేబరు ఉండేవారు. పని ఒకచోట, పేరు మరొకచోట. ఆ కుటుంబాలలోని పిల్లలు చదువుకుని ఇవాళ అదే బాట పట్టారు, చేతిలో పార బదులు పుస్తకాల సంచీ ఉన్నది, అంతే తేడా. గద్వాల నుంచి హైదరాబాదు దాదాపు 190 కిలోమీటర్లు. 2023 నవంబరు 30 గురువారం, 2024 మే 13 సోమవారం. ఈ రెండు పోలింగు రోజులలో ఒక్కదానికి వచ్చిపోవాలన్నా బస్సు చార్జీ, మర్నాటి క్లాసు, పరీక్ష, హాస్టలు అనుమతి అన్నీ లెక్క చూసుకోవాలి. విద్యార్థికి పోస్టల్ బ్యాలెట్ లేదు. దేశంలోనే వేరేచోట ఉంటున్నవారికోసం దూరం నుంచి ఓటు వేసే యంత్రాన్ని ఎన్నికల సంఘం 2022 డిసెంబరులో ప్రతిపాదించింది గానీ, పార్టీల అభ్యంతరాల నడుమ అది 2024 ఎన్నికలలో వాడుకలోకి రాలేదు.

ఈ ప్రయాణం ఒకవైపుదే కూడా కాదు. 2022లో వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలైనాయి. ఎక్కడెక్కడి పిల్లలో వచ్చి ఐదారేళ్ళు ఇక్కడి నీళ్ళు తాగుతారు, ఇక్కడి రోడ్ల మీద నడుస్తారు, ఇక్కడి రోగులకు సేవ చేస్తారు. వాళ్ళు ఇక్కడివాళ్ళా, కాదా?

చట్టం దీనికి ఎప్పుడో జవాబు చెప్పింది. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం అడిగేది సొంత ఇల్లు కాదు, సాధారణ నివాసం. ఇల్లున్నంత మాత్రాన ఎవరూ ఆ ఊరి ఓటరు కారు, కొంతకాలం ఊళ్ళో లేనంత మాత్రాన ఓటరు కాకుండానూ పోరు. దీని వెలుగులోనే ఎన్నికల సంఘం విద్యార్థికి రెండు దారులు ఇచ్చింది. తల్లిదండ్రుల ఊళ్ళో నమోదు కావచ్చు, లేదా చదువుకునే చోట హాస్టలు చిరునామాతో కావచ్చు. ఆ చదువు గుర్తింపు పొందినదై, ఏడాదికి తక్కువ కాకుండా ఉండాలి, ప్రిన్సిపాలు ఇచ్చే బోనఫైడ్ జతచేయాలి. కొత్తవారికి ఫారం 6, ఉన్న ఓటు మార్చుకునేవారికి ఫారం 8. రెండుచోట్లా ఉండటం మాత్రం చట్టవిరుద్ధం. ఇంత సులువైన నియమం ఎంతమంది విద్యార్థులకు, ఎంతమంది అధ్యాపకులకు తెలుసు? తెలియని హక్కు లేని హక్కుతో సమానం.

ఇటువంటి పేచీ మనకొక్కరికే వచ్చింది కాదు. అమెరికాలో 1971లో ఓటు వయసు 18కి తగ్గిన తరువాత టెక్సస్ రాష్ట్రంలోని వాలర్ కౌంటీలో, నల్లజాతివారికోసం ఏర్పడిన ప్రెయిరీ వ్యూ కళాశాల విద్యార్థులను నమోదు అధికారి ప్రశ్నల చిట్టాతో వేధించేవాడు. ఇక్కడ ఆస్తి ఉన్నదా, చదువైపోయాక ఇక్కడే ఉంటావా అని! ఊళ్ళో ఇతరులను అడగని ప్రశ్నలవి. 1979లో అక్కడి సుప్రీంకోర్టు విద్యార్థుల పక్షానే నిలిచింది. మన దగ్గర అటువంటి చిట్టా ఎవరూ రాయలేదు. "హాస్టలు పిల్లలు నాలుగు రోజులుండి పోయేవాళ్ళు" అనే మాటే చిట్టా పని చేస్తున్నది.

ఆడపిల్లల సంగతి మరొక మెట్టు. 1952 ఎన్నికల జాబితాలలో దేశం మొత్తం మీద సుమారు 28 లక్షల మంది స్త్రీల పేర్లు కొట్టివేయవలసి వచ్చింది. వారు తమ పేరు చెప్పక ఫలానావారి భార్య, ఫలానావారి కూతురు అని రాయించుకోవటమే కారణం. ఈనాడు పేరు చెప్పటానికి ఎవరూ జంకరు. కానీ "పెళ్ళయ్యాక అత్తగారి ఊళ్ళో రాయించుకోవచ్చులే" అనే మాట ఇప్పటికీ ఇళ్ళలో వినిపిస్తుంది. చదువుకుంటున్న అమ్మాయి ఆ లెక్కన పుట్టింటికీ చెందదు, హాస్టలుకూ చెందదు. డెబ్బై ఏళ్ళ తరువాత కూడా ఆమె ఓటు ఎవరో రాబోయే మనిషి చిరునామా కోసం ఎదురుచూస్తున్నది.

చేయవలసినది పెద్ద ఉద్యమమేమీ కాదు. 2022 వరకూ జనవరి 1 ఒక్కటే అర్హత తేదీ, జనవరి 2న పుట్టినవాడు ఏడాదంతా ఆగేవాడు. ఇప్పుడు జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల 1వ తేదీలు నాలుగూ అర్హత తేదీలే. 17 నిండినవారు ముందుగానే దరఖాస్తు పెట్టుకోవచ్చు. అంటే పదవ తరగతి తరువాత వనపర్తి పాలిటెక్నిక్‌లో చేరిన పిల్లవాడు అక్కడ ఉండగానే ఓటరు కాగలడు. ప్రవేశాల నాడు ఫీజు రసీదుతో పాటు ఒక ఫారం 6 చేతికిచ్చి, బోనఫైడ్ మీద అడగకుండానే సంతకం పెట్టే ప్రిన్సిపాలు ఉంటే సగం పని అయిపోతుంది. మిగతా సగం, పోలింగు నాడు కాలేజీ కార్డు పనికిరాదని, ఓటరు కార్డు లేకపోయినా ఆధార్ వంటి అనుమతించిన గుర్తింపు చాలునని చెప్పటం.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ ఒకే లోక్‌సభ స్థానంలో ఉన్నాయి. మూడూ 2016లో జిల్లా కేంద్రాలయ్యాయి. పాత కోటల్లో కొత్త చదువులు, వాటి పక్కన కొత్త కాలేజీలు. కోటను బడిగా మార్చటానికి ఒక తరం పట్టింది. ఆ బడిలో కూర్చున్నవాడికి ఓటు ఎక్కడుందో చెప్పటానికి ఒక మధ్యాహ్నం చాలు. మీ ఇళ్ళలో ఈ ఏడు కాలేజీలో చేరినవారుంటే, జాబితాలో వారి పేరు ఏ ఊళ్ళో ఉన్నదో ఒకసారి అడిగి చూడండి.