తూకానికి రాని పని

డైటెటిక్స్ చదువుతున్న రోజుల్లో మమ్మల్ని ఆహార సర్వేకి గుడివాడ దగ్గర ఒక ఊరికి తీసుకెళ్ళారు. చేతిలో కొలత కప్పులు, చిన్న త్రాసు, ఫారాలు. నిన్న పొద్దున్నించి ఇవాళ పొద్దుటిదాకా ఇంట్లో ఎవరెవరు ఏమేం తిన్నారో రాసుకోవాలి. ఒకావిడ మొగుడు తిన్నదీ, పిల్లలు తిన్నదీ గబగబా చెప్పేసింది. "మరి మీరు, పిన్నిగారూ?" అన్నాను. "మిగిలింది తిన్నాన్లే అమ్మాయ్, దానికో లెక్కా?" అంది. నేను ఫారంలో 'మిగిలింది' అనే రాశాను. దిద్దేటప్పుడు మా మేడమ్ ఆ మాట కొట్టేసి, గ్రాముల్లో రాయమన్నారు.

ఆ కొట్టేసిన మాట నన్ను వదల్లేదు. మా శాస్త్రం ఎక్కడ పుట్టిందో, ఎవరిని తూచిందో, ఎవరిని తూకానికి ఎక్కించలేదో వెతుక్కుంటూ వెళితే, మళ్ళీ మా డెల్టా అన్నం దగ్గరికే వచ్చి ఆగాను.

బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట 1852లో మొదలై 1855లో పూర్తయింది. కాలవల వెంట వరి పరుచుకుంది. తర్వాత మిల్లులొచ్చాయి. పచ్చి వడ్లని మరపట్టి, తవుడంతా పోయేదాకా తెల్లగా పాలిష్ చేసిన బియ్యం తినడం అలవాటైంది. దాంతోపాటు బెరిబెరి. కాళ్ళు తిమ్మిరెక్కడం, వాపులు, చివరికి గుండె ఆగిపోవడం. సర్కారు జిల్లాల కోస్తా ఈ జబ్బుకి పేరుపడింది. అదే మద్రాసు రాష్ట్రంలో ఉప్పుడు బియ్యం తినే తమిళ జిల్లాల్లో ఇది అరుదు. వడ్లు నానబెట్టి ఉడికించినప్పుడు తవుడులోని బి1 విటమిన్ గింజ లోపలికి దిగుతుంది. ఆ తర్వాత మరపట్టినా అంతా పోదు.

జావాలో డచ్చి వైద్యుడు ఐక్‌మన్ పాలిష్ బియ్యం తిన్న కోళ్ళకి ఇలాంటి జబ్బే రావడం 1890ల్లోనే గమనించాడు. మన దేశంలో రాబర్ట్ మెక్‌కారిసన్ 1918లో కూనూరు పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒక్క గదిలో బెరిబెరి విచారణ మొదలుపెట్టాడు. ఆ గదే పెరిగి పెరిగి, 1958లో హైదరాబాదుకి తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. అంటే మేం చదివిన చదువుకి మూలం మన కంచాల్లోని తెల్లన్నం తెచ్చిపెట్టిన జబ్బే.

ఆ జబ్బులో అందరికంటే నోరులేనివాళ్ళు పసిపిల్లలు. ఐక్రాయిడ్, కృష్ణన్ అనే పరిశోధకులు మద్రాసు రాష్ట్రపు బెరిబెరి ప్రాంతంలో శిశుమరణాలను పరిశీలించి 1941లో ప్రచురించారు. తల్లి ఒంట్లో బి1 లేకపోతే పాలల్లోనూ ఉండదు. తల్లి పైకి బాగానే కనిపించవచ్చు. రెండు నెలలదో మూడు నెలలదో బిడ్డ ఉన్నట్టుండి గొంతు పోయి, ఊపిరాడక, గంటల్లో పోవచ్చు. అలాంటి చావుకి ఊళ్లో ఏ పేరు పెట్టి ఉంటారో మనకి తెలియనిదా? దిష్టి. గాలి. తల్లి జాతకం. పైగా బాలింత పథ్యమని మా ఇళ్ళల్లో ఆ కాస్త పప్పూ కూరా కూడా తగ్గించేవాళ్ళు.

బి1 నీళ్ళలో కరిగిపోతుంది. కాబట్టి మరని తప్పించుకున్న కాస్తా వంటింట్లో పోతుంది. మా అమ్మమ్మ బియ్యం మూడుసార్లు కడిగేది. ఆ కడుగూ, వార్చిన గంజీ కుడితి గోలెంలోకి. తవుడూ అందులోకే. మా ఇంట్లో అందరికంటే పుష్టిగా ఉన్నది గేదె! పుస్తకాల్లో దీనికి పరిష్కారం చదివాను: ఎక్కువసార్లు కడగొద్దు, గంజి వార్చొద్దు, నీళ్ళు ఇమిడిపోయేలా వండాలి. అది మనకి తెలిసిన అత్తెసరే. సలహా మంచిదే. కానీ సలహాలన్నీ ఆడవాళ్ళకే. మిల్లు ఎవరు పెట్టారు, తెల్లబియ్యానికి గౌరవం ఎవరు కట్టబెట్టారు, ఏ రకం వడ్లు ఇంటికుంచాలో ఎవరు నిర్ణయించారు అన్న ప్రశ్నలు సిలబస్‌లో లేవు. తల్లి 'అజ్ఞానం' మాత్రం ప్రతి అధ్యాయంలోనూ ఉంది.

అలాగని దంపుడు బియ్యపు రోజులు బంగారు రోజులని నేననను. దంపుళ్ళ పాటల్ని మనం సాహిత్యంగా ఏరి దాచుకున్నాం. పాడినవాళ్ళ భుజాల నొప్పిని ఎక్కడా దాచలేదు. అమ్మమ్మ ఇంట్లో వడ్లు దంచింది అమ్మమ్మ కూడా కాదు, మాలపల్లి నుంచి వచ్చిన ఆడవాళ్ళు. కూలి నూకలు, తవుడు. మర వచ్చి వాళ్ళ చేతుల్లోంచి రోకలి తీసుకుంది, దాంతోపాటు ఆ నూకలూ తీసుకుంది. శ్రమ పోయిందని సంతోషించాలా, కూలి పోయిందని బాధపడాలా? ఇప్పుడు విజయవాడ దుకాణాల్లో దంపుడు బియ్యం ఖరీదైన ఆరోగ్యం. కొనేవాళ్ళలో ఆ దంచినవాళ్ళ మనవరాళ్ళు ఎంతమంది?

తూకం సంగతి మళ్ళీ ఒక పట్టిక దగ్గర ఎదురైంది. జాతీయ పోషకాహార సంస్థ 2011లో వేసిన ఆహార మార్గదర్శకాల చివర, ఎవరి వృత్తి ఎంత కష్టమైందో చెప్పే పట్టిక ఉంది. కూర్చుని చేసే పనుల కింద ఆడవాళ్ళ వరసలో టీచరు, దర్జీ, నర్సు, వాళ్ళ పక్కనే గృహిణి. మోస్తరు పనుల కింద కూలి, నేతపనివారు, బీడీలు చుట్టేవారు, ఇళ్ళల్లో పనిమనిషి. నేను రెండుసార్లు చదివాను. అవే అంట్లు, అదే చీపురు, అవే బట్టలు. పరాయింట్లో చేస్తే మోస్తరు పని, సొంతింట్లో చేస్తే కూర్చున్నట్టు! 2010 నాటి ఐసీఎంఆర్ సిఫార్సుల ప్రకారం మొదటి రకానికి రోజుకి 1900 కేలరీలు, రెండో రకానికి 2230. తేడా దాదాపు వంద గ్రాముల బియ్యం. ఇక ఇంటి ఆహారాన్ని లెక్కగట్టే యూనిట్లలో కూర్చుని పనిచేసే మగవాడు 1, ఆడది 0.8. ఒళ్ళు చిన్నది కాబట్టి తక్కువ కావాలి, నిజమే. కానీ పని 'కూర్చున్నది' అని ఎవరు తూచారు? మరోవైపు, కాగితం మీద 2230 రాసిపెట్టిన ఆ పనిమనిషికి నిజంగా అంత తిండి ఎవరు పెడుతున్నారు?

బెరిబెరి ఇప్పుడు అరుదైపోయింది. రక్తహీనత పోలేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి ఉంది. మర తీసేసినదానికి తోడు మరలోనే ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపిన బియ్యం ఇస్తామని 2021లో కేంద్రం ప్రకటించింది. కలపనీండి. 'మిగిలింది' తినేవాళ్ళకి అందులో ఎంత మిగులుతుందో కూడా ఎవరైనా తూస్తే బాగుండు.

మా వృత్తికీ అదే ఏడాది ఒక చట్టం వచ్చింది, ఆరోగ్య అనుబంధ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం. అంతకుముందు ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ పరీక్ష పెట్టి ఇచ్చే 'రిజిస్టర్డ్ డైటీషియన్' గుర్తింపే మాకు ఆధారం. ఈ రిజిస్టర్లలోకి ఎక్కేవాళ్ళలో ఎక్కువమంది ఆడపిల్లలే. వాళ్ళకి నేను చెప్పగలిగేది ఒకటే. మొగుడి షుగర్‌కి డైట్ చార్టు రాయించుకోడానికి వచ్చి, ఆ చార్టు ప్రకారం రెండో గిన్నె కూడా పొయ్యిమీద పెట్టబోయే ఆవిణ్ణి కాసేపు కూర్చోబెట్టండి. నిన్న ఎవరి తర్వాత తిన్నదో, ఎన్ని గంటలు నిలబడిందో అడగండి. నా ఫారంలో ఆ రెండు ప్రశ్నలూ చేతిరాతతో చేర్చుకున్నాను. జవాబుగా 'మిగిలింది' అని వస్తే, ఇప్పుడు కొట్టెయ్యను.